పాత స్పోర్ట్స్ కార్ల డిక్కీ కరెంటుతో ఎలా తెరుచుకుంటుంది? విశాఖ యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో పాత స్పోర్ట్స్ కార్లు ఎక్కువ లేవు. ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డులోనో భీమిలి దారిలోనో ఒకటీ అరా కనిపిస్తాయి. బళ్ల వైరింగ్ నా వృత్తి కాబట్టి ఆ కార్ల వాళ్లు ఫోన్ చేస్తుంటారు. ఇంజిన్ గురించి అడిగేవాళ్ల కంటే "డిక్కీ తెరుచుకోవట్లేదండీ, లోపల సామాను ఉండిపోయింది" అని టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. అందుకే వాళ్లు అడిగినవీ నేను చెప్పినవీ ఒకచోట రాస్తున్నాను.

బటన్ నొక్కాక లోపల అసలు ఏం జరుగుతుంది?

ముందు తాళం సంగతి చూద్దాం. మూతకి ఒక కొక్కెం, బాడీకి ఒక వంపు కడ్డీ ఉంటాయి. కొన్ని కార్లలో ఇవి తారుమారుగా ఉంటాయి. మూత వేయగానే కొక్కెం తిరిగి కడ్డీని పట్టుకుంటుంది. అది మళ్లీ వెనక్కి తిరగకుండా చిన్న గడియ ఒకటి స్ప్రింగు బలంతో అడ్డం పడుతుంది. తెరవడం అంటే ఆ గడియను ఓ అర అంగుళం పక్కకి లాగడమే. పాత కార్లలో ఈ పని తాళంచెవి చేసేది, లేదా సీటు పక్కనున్న పిడికి కట్టిన కేబుల్ చేసేది. ఎలక్ట్రిక్ పద్ధతిలో అదే గడియను సోలినాయిడో చిన్న మోటారో లాగుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. కరెంటు మూతను పైకెత్తదు, గడియను మాత్రమే జరుపుతుంది. మూతను పైకి నెట్టేది కొక్కెం స్ప్రింగు, చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు, గ్యాస్ స్ట్రట్లు (మూతను ఎత్తి పట్టే గ్యాసు గొట్టాలు) ఉంటే అవి. కాబట్టి శబ్దం బాగానే వచ్చి మూత లేవకపోతే ముందు చూడాల్సింది స్ప్రింగునూ బీడింగునూ. వైరింగ్ జోలికి అప్పుడే వెళ్లక్కర్లేదు.

సోలినాయిడ్‌కీ మోటారుకీ తేడా ఏంటి?

ఇంట్లో టింగ్-టాంగ్ కాలింగ్ బెల్ మూత ఎప్పుడైనా విప్పి చూశారా? రాగి తీగ చుట్ట, దాని మధ్యలో జారే ఇనుప కడ్డీ కనిపిస్తాయి. సోలినాయిడ్ అంటే అదే. కరెంటు ఇవ్వగానే చుట్ట అయస్కాంతమై కడ్డీని లోపలికి లాగేస్తుంది. డిక్కీలో ఉండేది అలాంటిదే, కాకపోతే బాగా బలమైనది.

దీని గుణం ఒకటి తెలుసుకోవాలి. కడ్డీ బయటికి ఎంత ఎక్కువ ఉంటే లాగే బలం అంత తక్కువ. లోపలికి దాదాపు చేరాక బలం ఒక్కసారిగా పెరుగుతుంది. కడ్డీకీ గడియకీ మధ్య ఉన్న లింకులో వదులు ఎక్కువైతే కడ్డీ ప్రయాణంలో చాలా భాగం ఆ వదులు లాగడంలోనే అయిపోతుంది, గడియను పూర్తిగా జరపడానికి దూరం మిగలదు. మరీ బిగుతుగా కట్టినా తప్పే, గడియ పూర్తిగా కూర్చోదు. లింకులో ఒకటి రెండు మిల్లీమీటర్ల ఆట మాత్రం ఉండాలి. కొత్త సోలినాయిడ్ వేసినా పనిచేయలేదని నా దగ్గరికి తెచ్చిన కొన్ని బళ్లలో నేను మార్చింది ఆ లింకు పొడవొక్కటే.

మోటారు పద్ధతిలో "జుయ్" మని శబ్దం వస్తుంది. పళ్ల చక్రాలు వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతాయి. నెమ్మదిగా కదిలినా మొదటి నుంచి చివరిదాకా బలం ఒకేలా ఉంటుంది. బరువైన అద్దపు వెనక తలుపున్న కార్లకు ఇదే సరైనది.

పాత స్పోర్ట్స్ కార్లన్నిటిలోనూ ఇది ఉందా?

లేదు. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్‌కి లోపలి నుంచి చేత్తో లాగే ఏర్పాటే. ఎంజీబీకి తాళంచెవి. 1960ల అమెరికన్ కార్లు కొన్నింటిలో ఇంజిన్ పీల్చే వాక్యూమ్‌తో డిక్కీ తెరిచేవారు. ఆ తర్వాత వాటిలోకీ సోలినాయిడ్ వచ్చింది. 1980లలో తయారైన పోర్షె 944 వెనక తలుపుకి మోటారు ఉంది. 1990ల టీవీఆర్ చిమేరాలో డిక్కీ సంగతి అలా ఉంచండి, తలుపులు కూడా పక్క అద్దాల (మిర్రర్ల) కిందున్న బటన్‌తోనే తెరుచుకుంటాయి. మిగతా చాలా కార్లలో కనిపించే సోలినాయిడ్లు తర్వాత యజమానులు పెట్టించుకున్నవి. వైరింగ్ బాధలు కూడా ఎక్కువగా వీటితోనే.

"టక్" మని శబ్దం వస్తోంది, కానీ తెరుచుకోవట్లేదు. సోలినాయిడ్ పోయినట్టేనా?

దాదాపుగా కాదు. ఈ ఒక్క ప్రశ్నకి కాస్త పెద్దగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు దండగయ్యేది ఇక్కడే.

ఎంవీపీ కాలనీలో ఒక పెద్దాయన దగ్గర రెండు సీట్ల బ్రిటిష్ కారు ఉంది. నేను వెళ్లేసరికి బయట కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "ఏటి బాబూ, రెండు సార్లు సోలినాయిడ్ మార్పించాను, మళ్లీ అదే తంతు" అన్నారు. బటన్ నొక్కితే టక్ మంటోంది, మూత మాత్రం కదలట్లేదు. "నేను మూత మీద చెయ్యేసి కిందికి నొక్కుతాను, మీరు బటన్ నొక్కండి" అన్నాను. తెరుచుకుంది. పైనుంచి నొక్కినప్పుడు గడియ మీద భారం తగ్గుతుంది, నీరసంగా ఉన్న సోలినాయిడ్ కూడా దాన్ని జరపగలుగుతుంది. ఈ చిట్కా గుర్తుంచుకోండి, దారిలో ఎక్కడైనా ఆదుకుంటుంది.

తర్వాత మీటరు తీశాను. బటన్ నొక్కి ఉంచినప్పుడు బ్యాటరీ దగ్గర 12.1 వోల్టులు ఉన్నాయి. సోలినాయిడ్ రెండు కొసల మధ్య 8.3 మాత్రమే. దాదాపు నాలుగు వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి. మీటరు ఒక కొసను సోలినాయిడ్ ఎర్త్ వైరుకీ (కరెంటు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి అది) రెండోదాన్ని బ్యాటరీ నెగటివ్‌కీ పెట్టి మళ్లీ నొక్కమన్నాను. 3.5 చూపించింది. అక్కడ సున్నాకి దగ్గరగా ఉండాలి. డిక్కీ చాప ఎత్తితే ఎర్త్ బోల్టు కనిపించింది. విప్పితే వాషరు కింద పచ్చటి పొడి, దాని కింద ఎర్రటి తుప్పు. రేకు తెల్లగా మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, పైన వాజిలిన్ పూశాను. ఈసారి బటన్ నొక్కితే "ఠక్" మని గట్టిగా వినిపించి మూత నాలుగు వేళ్ల ఎత్తు లేచింది. ఆయన తీయించేసిన రెండు సోలినాయిడ్లూ మంచివే. ఓ డబ్బాలో ఉన్నాయి.

లెక్క ఇదీ. చుట్ట నిరోధం 1.2 ఓమ్ అనుకోండి. 12 వోల్టులకి 10 ఆంపియర్లు పారుతుంది. తుప్పు పట్టిన ఎర్త్ అరఓమ్ కలిపితే మొత్తం 1.7 అవుతుంది, కరెంటు 7కి పడుతుంది. సోలినాయిడ్ లాగే బలం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి బలం సగానికి సగం పోతుంది. కంటికి కనిపించని అరఓమ్ చేసే పని అది. టెస్ట్ ల్యాంప్ పెడితే మాత్రం శుభ్రంగా వెలుగుతుంది, ఎందుకంటే దానికి కావలసిన కరెంటు చాలా తక్కువ. "కరెంటు వస్తోంది, కాబట్టి సోలినాయిడే పోయింది" అని తీర్పు ఇచ్చేది ఆ ల్యాంపును చూసే. డిక్కీ పనిచేస్తున్నప్పుడే, అంటే బటన్ నొక్కి ఉంచే వోల్టేజ్ కొలవాలి. కొలిచేటప్పుడు కూడా ఒకటి రెండు సెకన్లకి మించి నొక్కి ఉంచొద్దు.

అసలు శబ్దమే రాకపోతే?

ఫ్యూజ్‌తో మొదలుపెట్టండి. పాత యూరప్ కార్లలో పింగాణీ ఫ్యూజులు ఉంటాయి, రెండు కొసలూ మొనదేలి ఉంటాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది, కొసల దగ్గర పొర పట్టి కరెంటు పారదు. వేలితో అక్కడే రెండు చుట్లు తిప్పితే చాలాసార్లు పనవుతుంది. తర్వాత స్విచ్. ఆ తర్వాత డిక్కీ కబ్జా (మూత తిరిగే కీలు) దగ్గర వైరు. మూత తెరిచి మూసినప్పుడల్లా అక్కడ వైరు వంగుతుంది, ఏళ్లు గడిచాక లోపలి రాగి తెగిపోతుంది, పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం నిక్షేపంలా ఉంటుంది. రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా సాగదీయండి. రబ్బరులా సాగితే లోపల తెగినట్టే.

మధ్యాహ్నం పనిచేయదు, సాయంత్రం బాగానే ఉంటుంది. ఎందుకని?

మే నెలలో ఈ ఫోన్లు ఎక్కువ. రాగి వేడెక్కితే నిరోధం పెరుగుతుంది, ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం. ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో సోలినాయిడ్ 20 డిగ్రీల నుంచి 70కి చేరిందనుకుంటే నిరోధం ఐదో వంతు పెరుగుతుంది, లాగే బలం 30 శాతం దాకా తగ్గుతుంది. అన్నీ బాగున్న కారులో ఆ తగ్గుదల తెలియదు. ఎర్త్ అంతంతమాత్రంగా ఉన్న కారులో అదే చాలు, ఆగిపోవడానికి. కాబట్టి మధ్యాహ్నం మొరాయిస్తే అది జబ్బు మొదలైందని ముందుగా చెప్పడమే.

అప్పటికప్పుడు తెరవాలంటే ఇంజిన్ స్టార్ట్ చేసి నొక్కండి. ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే భాగం) తిరుగుతుంటే వోల్టేజ్ 14 దాకా వస్తుంది, బలం మూడో వంతు పెరుగుతుంది.

మా ఇల్లు లాసన్స్ బే దగ్గర. ఉప్పుగాలికి ఏం చేయాలి?

లాసన్స్ బే, ఋషికొండ, బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లు, ఇటు సింధియా వైపు... కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పు పడతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అదే గాలి డిక్కీలోకీ పోతుంది. రాత్రి చల్లబడినప్పుడు గాలిలో తేమ లోపలి రేకు మీద చేరుతుంది, ఉప్పు దాన్ని పట్టుకుని ఆరనివ్వదు. రెండు రకాల లోహాలు కలిసే చోట, అంటే ఇనుప బోల్టు మీద రాగి కొస ఉన్న చోట, ఆ తడి వల్ల క్షయం మరీ వేగంగా జరుగుతుంది.

నేను చేసేది చెబుతాను. డిక్కీ ఎర్త్‌ని బాడీ మీద వదిలేయకుండా సోలినాయిడ్ నుంచి బ్యాటరీ నెగటివ్ దాకా నేరుగా ఒక వైరు లాగుతాను. కొసలకి వైరు బిగించాక సోల్డర్ చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ తొడుగు వేస్తాను. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి జాయింట్లు విప్పి చూసుకోమని చెబుతాను. కారుకి కవరు వేస్తే గాలి ఆడే బట్ట కవరే వేయండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. అది కప్పకపోవడమే మేలు.

రిలే తప్పనిసరా? వైరు ఎంత మందం ఉండాలి?

నా లెక్కలో తప్పనిసరి. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్. 10 ఆంపియర్లు డ్యాష్‌బోర్డులోని చిన్న స్విచ్ గుండా పోతే దాని కాంటాక్టులు త్వరగా మాడిపోతాయి. రిలే ఉంటే స్విచ్‌లో పారేది ఆంపియర్‌లో ఐదో వంతో అంతకంటే తక్కువో. రిలే కాళ్ల నంబర్లు చాలావాటిలో ఒకటే: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ ద్వారా వచ్చే వైరు, 87కి సోలినాయిడ్, 85, 86 రిలే చుట్టవి. 15 ఆంపియర్ల ఫ్యూజ్ బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టండి, సోలినాయిడ్ దగ్గర కాదు.

వైరు విషయంలో పిసినారితనం వద్దు. ఒక చదరపు మిల్లీమీటరు వైరు ఐదు మీటర్లు లాగితే 10 ఆంపియర్ల దగ్గర దాదాపు 0.9 వోల్టు దారిలోనే పోతుంది. 2.5 వైరు వేస్తే 0.4 కూడా పోదు. ధరలో తేడా పెద్దగా ఉండదు.

ఇంకో చిన్న భాగం, డయోడ్. కరెంటును ఒక వైపుకే పోనిస్తుంది. బటన్ వదలగానే చుట్టలోని అయస్కాంతం కూలి ఎదురు వోల్టేజ్ పుడుతుంది, కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ వస్తుంది. సోలినాయిడ్‌కి అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న కొస పాజిటివ్ వైపు ఉండేలా కడితే ఆ రవ్వ ఉండదు. కానీ 1967కి ముందు వచ్చిన ఎంజీబీ లాంటి బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్ బాడీకి కట్టి ఉంటుంది. వాటిలో బాడీ వైపే పాజిటివ్ కాబట్టి గీత అటు రావాలి. తిరగేసి కడితే నొక్కిన మరుక్షణం ఫ్యూజ్ పోతుంది. కారు కొన్నప్పుడు ఏ పద్ధతిలో ఉందో, మధ్యలో ఎవరైనా మార్చారో బ్యాటరీ చూసి నిర్ధారించుకోండి.

మాది ఫైబర్ బాడీ. తుప్పు బాధ లేదు కదా?

బాడీకి లేదు. కానీ ఫైబర్‌లో కరెంటు పారదు. టీవీఆర్, లోటస్, కార్వెట్ లాంటి వాటిలో ప్రతి పరికరానికీ విడిగా ఎర్త్ వైరు ఉంటుంది, అవన్నీ చాసిస్ మీద కొన్ని చోట్ల కలుస్తాయి. వాటిలో వెనకవైపు జాయింటు ఒక్కటి పాడైతే డిక్కీతో పాటు వెనక లైట్లు కూడా మసకబారతాయి. అలా కనిపిస్తే వెతకాల్సిన చోటు తెలిసిపోయినట్టే. స్టీలు బాడీ అలవాటున్న మెకానిక్ ఫైబర్‌లో స్క్రూ బిగించి ఎర్త్ కట్టడం నేను చూశాను. పక్కనుండి చూసుకోండి.

944 వెనక తలుపు ఒక పక్కే తెరుచుకుంటోంది. లాగేయొచ్చా?

దయచేసి లాగొద్దు. ఆ తలుపుకి రెండు పక్కలా రెండు పిన్నులు, వాటికి రెండు తాళాలు ఉన్నాయి. ఒకే మోటారు కడ్డీల ద్వారా రెండింటినీ ఒకేసారి వదలాలి. పిన్ను ఎత్తు సరిగా లేకపోయినా, పక్కకి ఒరిగినా ఒక తాళం పట్టేస్తుంది. అప్పుడు చేత్తో లాగితే ఫ్రేము మెలిపడి అద్దం దాని నుంచి ఊడొస్తుంది. ఆ అద్దం ఇక్కడ దొరికే వస్తువు కాదు. పట్టుకున్న వైపు అరచేత్తో కిందికి నొక్కి పట్టి, ఇంకొకరిచేత బటన్ నొక్కించండి. తెరిచాక పిన్నులకి కొంచెం గ్రీజు పూసి మెల్లగా మూయండి, గుర్తు ఎక్కడ పడిందో చూసి ఎత్తు సరిచేసుకోవచ్చు. ఒక్కోసారి పావు చుట్టు చాలు.

బ్యాటరీ డౌన్ అయింది. బ్యాటరీ ఉన్నదేమో డిక్కీలోనే. ఇప్పుడెలా?

ఈ ఇబ్బంది రాకముందే ఆలోచించాల్సినది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఛార్జరు పెట్టే దారి కూడా లేదు. అప్పట్నుంచి రెండో దారి లేకుండా ఏ డిక్కీకీ సోలినాయిడ్ కట్టడం లేదు.

రెండో దారి అంటే మూడు రకాలు. తాళంచెవి రంధ్రం ఉంటే దాన్ని తీయకుండా వాడుకలో ఉంచండి. నెలకోసారి చెవితో తెరవండి, లేకపోతే అవసరానికి బిగుసుకుపోయి ఉంటుంది. రెండోది గడియకి సన్నటి స్టీలు కేబుల్ కట్టి, బయటివాళ్లకి కనిపించని చోటికి తేవడం. మూడోది బయటి నుంచి కరెంటు ఇచ్చే దారి: సోలినాయిడ్ రిలేకి, స్విచ్‌కి వెళ్లే సరఫరా నుంచి ఒక వైరు ఫ్యూజ్‌తో సహా కారు ముందుకో లోపలికో తెచ్చి, కొసని తొడుగుతో మూసి ఉంచాలి. ఇంకో బ్యాటరీ పాజిటివ్ దానికి, నెగటివ్ చాసిస్‌కి తాకించి (బాడీకి పాజిటివ్ కట్టిన కార్లలో తారుమారుగా) బటన్ నొక్కితే చాలు. పోర్షె బాక్‌స్టర్ మొదటి తరం కార్లు కొన్నింటిలో కంపెనీయే ఇలాంటిది పెట్టింది. ఫ్యూజ్ పెట్టెలోంచి ఎర్ర కొస ఒకటి బయటికి లాగొచ్చు.

ఇవేవీ లేకపోతే వెనక లైటు విప్పి అందులోంచి చెయ్యి పెట్టడమో, సీటు వెనక రేకు తీయడమో చేయాలి. కారుని బట్టి గంట పని, పూట పని కూడా. స్క్రూడ్రైవర్‌తో మూతని పెకలించొద్దు.

నా కారుకి తాళంచెవి మాత్రమే ఉంది. కొత్తగా పెట్టించుకోవచ్చా?

పెట్టించుకోవచ్చు, రెండు విషయాలు చూసుకుని. బజార్లో చవకగా దొరికే సెంట్రల్ లాకింగ్ మోటారు చాలామంది కడతారు. అది తలుపు లోపలి తేలికైన కడ్డీని జరపడానికి చేసింది. మూత భారం పడుతున్న గడియని లాగలేదు. డిక్కీ కోసమని అమ్మే సోలినాయిడ్ తీసుకోండి, 40 పౌండ్లు అంటే దాదాపు 18 కిలోల బలం లాగేది చాలు. ముందుగా స్ప్రింగు తూకంతో గడియ ఎంత బలానికి జరుగుతుందో కొలిస్తే అంచనా తప్పదు.

రెండోది కారు అసలు రూపం. 50 ఏళ్లు దాటిన బళ్లకి 2021లో కేంద్రం పెట్టిన వింటేజ్ రిజిస్ట్రేషన్, ఆ వీఏ నంబర్ ప్లేటు కావాలంటే చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. అందుకని నేను రేకు కొయ్యను, కొత్త రంధ్రం వేయను. ఉన్న బోల్టులకే పట్టీ కట్టి సోలినాయిడ్ బిగిస్తాను. రేపు ఎప్పుడైనా తీసేస్తే పెట్టిన గుర్తు కూడా ఉండకూడదు.

ఆనందపురం దాటాక డిక్కీ దానంతట అదే తెరుచుకుంది. ప్రమాదమా?

అవును, దీన్ని వాయిదా వేయొద్దు. కబ్జా దగ్గర పైపొర పోయిన వైరు బాడీకి తగిలి రిలేని పని చేయిస్తుంది, లేదా స్విచ్‌లో తేమ చేరుతుంది, లేదా గడియ కొస అరిగి గుంతకే వదిలేస్తుంది. మూడోదాన్ని ఫ్యూజ్ తీసి తేల్చుకోవచ్చు: ఫ్యూజ్ లేకుండా కూడా తెరుచుకుంటే తప్పు తాళంలోనే ఉంది. బాగయ్యేదాకా ఫ్యూజ్ తీసేసి, తాళంచెవితోనే వాడండి.

పిల్లలు లోపల ఇరుక్కుంటే?

అమెరికాలో 2001 సెప్టెంబరు నుంచి తయారైన కార్లకి డిక్కీ లోపలి నుంచి తెరిచే పిడి తప్పనిసరి చేశారు. అంతకుముందు కార్లలో సాధారణంగా అది ఉండదు. మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే, నిలబెట్టిన కారు డిక్కీ ఎప్పుడూ మూసే ఉంచండి, రిమోట్ వాళ్లకి అందనివ్వొద్దు. ఇంతకుముందు చెప్పిన స్టీలు కేబుల్‌కి డిక్కీ లోపల కూడా ఒక రింగు కట్టించండి. మన ఎండలకి మూసిన డిక్కీలో కొద్ది నిమిషాలు కూడా ఎక్కువే.

తాళానికి ఏ నూనె వేయాలి?

కొబ్బరినూనె, వంటనూనె వద్దు, జిగురుగా మారి దుమ్ము పట్టేస్తాయి. తుప్పు వదిలించే స్ప్రే శుభ్రం చేయడానికి మాత్రమే, అది ఆరిపోతుంది. ముందు దాంతో పాత గ్రీజు కడిగి, గుడ్డతో తుడిచి, కొక్కెం ఇరుసుకీ గడియ కొసకీ తెల్ల లిథియం గ్రీజు అగ్గిపుల్ల కొసంత పూయండి. సోలినాయిడ్ కడ్డీకి మాత్రం గ్రీజు వద్దు. అది పొడిగా, నున్నగా జారాలి.